రాయల పేరిట ఒక ఫాంటు

వెబ్ పేజీకి తెలుగు ఫాంటు కోసం గూగుల్ ఫాంట్స్ తెరిస్తే రాయల సభే ఎదురవుతుంది. శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ: అన్నీ ఫాంట్ల పేర్లే. 1565 తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు తరలివచ్చింది కాబట్టి ఆ ప్రాంతం వాళ్లమైన మనకు ఈ పేర్లు దగ్గరివి. ఎన్టీఆర్ పేరుతోనూ ఒకటుంది. ఆయన్ను 1985, 1989, 1994లో అసెంబ్లీకి పంపింది హిందూపురం. వీటిలో కొన్నింటిని తీర్చిదిద్దినది పురుషోత్ కుమార్ గుత్తుల. సిలికానాంధ్ర సంస్థ వీటన్నింటినీ ఉచితంగా అందరికీ ఇచ్చింది. ఇది చిన్న దానం కాదు.

అంతకుముందు ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు ఉండేది. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చేవారు. ఆ ఫాంటు దించుకోకపోతే తెర నిండా పిచ్చి గుర్తులే. 1991లోనే వచ్చిన యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. తర్వాత విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇళ్లకు చేరింది.

ఫాంటులో బొమ్మలతో పాటు నియమాలూ ఉంటాయి. 'ధర్మవరం' అని కొడితే కంప్యూటర్ దాచుకునేవి ఏడు సంకేతాలు: ధ, ర, పొల్లు, మ, వ, ర, సున్న. పొల్లు తర్వాత మ వచ్చింది గనుక దాన్ని ఒత్తుగా మార్చి ర కింద పెట్టాలని చెప్పేది ఫాంటు. 'లేపాక్షి'లో క, పొల్లు, ష, గుడి నాలుగూ కలిసి ఒకే రూపమవుతాయి.

ఇంగ్లిష్ కొలతలతో పేజీ కట్టేవాళ్లు పొరబడేది ఇక్కడే. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. వరుసలు ఇరుకైతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 'లైన్-హైట్' 1.6కు తగ్గకపోతే మంచిది. పైన చెప్పిన సిలికానాంధ్ర ఫాంట్లకు ఒకే మందం ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతను లావు చేసి అక్షరం లోపలి ఖాళీలు పూడుస్తుంది. పలు మందాలు కావాలంటే నోటో సాన్స్ తెలుగు వాడాలి.

ధర్మవరం పట్టుచీరలు అమ్మే మిత్రులారా, మీ వెబ్ పేజీలో చీర పేరూ ధరా బొమ్మలో అతికించకండి. తెలుగు అక్షరాల్లోనే రాయండి. వెతికేవారికి దొరుకుతాయి, చూపు లేనివారికి ఫోను చదివి వినిపిస్తుంది.