గ్యాస్ పెడల్ బిగుసుకుపోతే...

మనలో చాలామందికి సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడ్‌తో కుస్తీ, వారాంతంలో ఏదో ఒక సరదా. నా సరదా ఒక పాత కారు. ఎమ్మెస్ చదివే రోజుల్లో అలాంటిదాన్ని చూసి ఆశపడి, ఉద్యోగం వచ్చాక కొనుక్కున్న 1994 మోడల్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు.

గత వేసవిలో ఒక శనివారం, నా శ్రీమతితో కలిసి డాలస్‌లో 75వ నంబరు హైవే ఎక్కుతున్నాను. ర్యాంపు మీద గట్టిగా తొక్కిన గ్యాస్ పెడల్, కాలు తీసినా పైకి రాలేదు! "ఏవండీ, ముందు ట్రాఫిక్ ఉంది!" అని ఆవిడ అరుపు. క్లచ్ తొక్కి, బ్రేకు అదిమి, షోల్డర్ మీద ఆపి ఇంజన్ కట్టేసేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

అందుకే రిపేరు కంటే ముందు ఒక మాట. మీకిలా జరిగితే వెంటనే న్యూట్రల్‌లో వేయండి. మాన్యువల్ కారైతే క్లచ్ తొక్కండి. ఇంజన్ గోల పెడుతుంది, పెట్టనివ్వండి. బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి. వదిలి వదిలి తొక్కితే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది. కదిలే కారులో తాళంచెవి బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ అయిపోవచ్చు.

పాత కార్లలో ఈ ఏర్పాటు చాలా సులువైనది. పెడల్ ఒక తీగను లాగుతుంది. ఆ తీగ ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో ఉన్న గుండ్రటి రేకు తలుపును తెరుస్తుంది. కాలు తీయగానే స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది. ఈ తలుపు ఉండే భాగమే థ్రాటిల్ బాడీ.

నిజానికి నా కారు ముందే హెచ్చరించింది. కొన్ని వారాలుగా పెడల్ మొదట్లో బిగుసుకుని, తరువాత ఒక్కసారిగా దూకేది. "పాత కారు కదా" అని వదిలేశాను. తప్పు నాదే.

ఇంటికి టో చేయించి, ఇంజన్ చల్లారాక పని మొదలుపెట్టాను. ముందుగా ఫ్లోర్ మ్యాట్ తీసి చూశాను, అది అడ్డు కాదు. తరువాత గాలి గొట్టం విప్పితే, రేకు అంచు చుట్టూ నల్లటి జిగురు. ఇంజన్ నుంచి వచ్చే నూనె ఆవిరి ఏళ్ళ తరబడి పేరుకున్నదది. థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడిచాను. మొదట్లో ఉన్న బిగుతు పోయింది. హమ్మయ్య అనుకున్నాను.

కానీ మొదటి బగ్ దొరకగానే టికెట్ మూసేయకూడదని మన వృత్తి నేర్పిన పాఠం. ఆ జిగురు మూసి ఉన్న తలుపును అంటిపెట్టుకుంటుంది సరే, బాగా తెరుచుకున్న తలుపును ఎందుకు ఆపుతుంది? థ్రాటిల్ దగ్గర తీగను విడదీసి, రేకును చేత్తో తిప్పితే టక్కున మూసుకుంది. తీగను లాగితే మాత్రం మధ్యలో పట్టేసింది. బయటికి తీసి చూస్తే రెండు మూడు పోగులు తెగి, తొడుగుకు గుచ్చుకుంటున్నాయి. అసలు దొంగ అదీ!

మన ఊళ్ళో స్కూటర్ యాక్సిలరేటర్ వైరు పట్టేస్తే మెకానిక్ నాలుగు చుక్కల నూనె వేసేవాడు. ఇక్కడ ఆ పని చేయకండి. చాలా కార్ల తీగలకు లోపల నైలాన్ లేదా టెఫ్లాన్ పొర ఉంటుంది, నూనెకు దుమ్ము అంటుకుంటుంది. పైగా తెగిన పోగును నూనె అతికించదు. కొత్త తీగ వేసి, వదులు సరిచూసుకోవడమే మార్గం.

కొత్త కార్లున్న వారూ నిశ్చింతగా ఉండకండి. 2009 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర, వేరే మోడల్‌కు చెందిన ఫ్లోర్ మ్యాట్ పెడల్‌ను పట్టేయడంతో ఒక లెక్సస్ కారులోని నలుగురూ మరణించారు. 2010 జనవరిలో పెడల్ అతుక్కునే లోపానికి టొయోటా అమెరికాలో సుమారు 23 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. ఎలక్ట్రానిక్స్‌నూ అనుమానించి నాసా ఇంజనీర్ల చేత పరీక్ష చేయించారు. 2011 ఫిబ్రవరి నివేదిక ప్రకారం అందులో అలాంటి లోపమేదీ దొరకలేదు. మనం కోడ్‌ను అనుమానిస్తూ కూర్చుంటే, దోషం కాలి కింది మ్యాట్‌లో ఉండవచ్చు.

ఈ వారాంతం ఒక్క నిమిషం కేటాయించండి. ఇంజన్ ఆపి, పెడల్‌ను మెల్లగా పూర్తిగా తొక్కి వదలండి. వెంటనే పైకి రాకపోతే కారు కదిలించకండి. రిపేరు చేతకాకపోతే మెకానిక్‌ను పిలవండి. మా ఇంట్లో ఇప్పుడు ఈ పరీక్ష అయ్యాకే ఆవిడ సీట్ బెల్టు పెట్టుకుంటుంది!