ఏడడుగుల వెడల్పులో కాపురం

ఇంగ్లండులో కాలువ పడవ కట్టించుకుని అందులోనే కాపురం పెట్టాలనుకునేవాళ్లు ఇంటి వెడల్పు గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆ లెక్క 250 ఏళ్ల కిందటే జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరు తేల్చేశాడు. ఆయన చేపట్టిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పని 1766లో మొదలైంది. దారి పొడవునా ఎత్తుపల్లాలు, మధ్యలో సొరంగం. లాకు వెడల్పు పెరిగితే కట్టడం ఖర్చు పెరుగుతుంది. పడవ దాటిన ప్రతిసారీ కిందికి పోయే నీళ్లూ పెరుగుతాయి. అందుకని అక్కడి లాకుల్లో ఎక్కువభాగాన్ని ఏడడుగుల వెడల్పుతో, 70 అడుగుల పైచిలుకు పొడవుతో కట్టించాడు. అంత ఇరుకు లాకుకే ఒక్కసారికి సుమారు లక్ష లీటర్ల నీళ్లు పడతాయి. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల లాకులు చూసినవాళ్లకు తలుపులు మూసి, నీళ్లు నింపి పడవను పైకి లేపే పద్ధతి కొత్తేమీ కాదు. కొత్తగా కనిపించేది ఆ ఇరుకే. పడవ బయటి వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. గోడల్లో ఇన్సులేషన్, చెక్క పలకలు పోగా కాపురానికి మిగిలేది ఇంచుమించు ఆరడుగులు.

పొడవు మాత్రం మన చేతిలో ఉంది. అయితే అది తేల్చుకోవడానికి ముందు ఏయే కాలువల మీద తిరగాలనుకుంటున్నారో తేల్చుకోవాలి. 70 అడుగుల పడవలో బోలెడంత చోటు దొరుకుతుంది గానీ, ఉత్తరాన లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువలోని కొన్ని లాకులు 62 అడుగుల పడవలకు సరిపోయేలా కట్టినవి. కాల్డర్ అండ్ హెబుల్ లాకులు ఇంకా పొట్టివి. 57 అడుగుల పడవ అయితే దాదాపు అన్నిచోట్లకీ వెళ్లి వస్తుంది. అక్కడ అమ్మకానికి వచ్చే పడవల్లో ఆ కొలత అంత తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

పడవ గోడలు నిటారుగా ఉండవు. పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. వంతెనలు, సొరంగాల కప్పులు కమానుగా ఉంటాయి కాబట్టి నిటారు గోడలుంటే పైమూలలు రాచుకుంటాయి. పెన్నైన్ కొండల కిందుగా పోయే స్టాండెజ్ సొరంగం పొడవు 5 కిలోమీటర్ల పైమాటే. 1811లో తెరిచిన ఆ సొరంగంలో కప్పు చాలాచోట్ల తలకి తగిలేంత కిందికి ఉంటుంది. పొయ్యి పొగగొట్టం పైభాగాన్ని ఊడదీయడానికి వీలుగా బిగించేది కూడా ఇలాంటి చోట్ల కోసమే.

ఈ పడవల లోపల పనిచేసే వడ్రంగికి రసమట్టం అక్కరకు రాదు. నీటి మీద తేలే నేల ఎప్పుడూ సమంగా ఉండదు కదా! ఒకరు ఇటునుంచి అటు నడిస్తే చాలు, బుడగ జరిగిపోతుంది. తూకం గుండు వేలాడదీసినా అదే తంతు. అందుకని నేలనే ఆధారంగా పెట్టుకుని మూలమట్టంతో, టేపుతో కొలిచి అల్మారాలు బిగిస్తారు. వాలు గోడలకు నిటారు అల్మారా అతకాలంటే ప్రతి పలకనూ గోడ వాలుకు తగ్గట్టు కోయాల్సిందే. బజారులో దొరికే రెడీమేడ్ వంటగది సామాను ఇక్కడ అచ్చంగా సరిపోవడం అరుదు.

చాలామంది ఉక్కు పెంకు, ఇంజను, చుక్కాని మాత్రం ఉన్న ఖాళీ పడవను కొనుక్కుని లోపలి పని సొంతంగా చేసుకుంటారు. ఉక్కు మందం ‘10/6/4’ అని చెబుతుంటారు: అడుగు పలక 10 మిల్లీమీటర్లు, నీళ్లను ఆనే పక్కలు 6, పై గది గోడలు 4. ఈ ఖాళీ డొల్ల నీటిలో తేలిగ్గా, ఎత్తుగా తేలుతుంది. అడుగున బరువు వేస్తే గాని కుదురుగా నిలవదు. అందుకోసం ఇటుకలో, కాంక్రీటు పలకలో నేల కింద పేరుస్తారు. పేర్చడానికి ముందే ఏ పక్కన ఏమి రాబోతోందో తెలిసి ఉండాలి. పోత ఇనుప పొయ్యి, ఫ్రిజ్, వంటగట్టు మూడూ ఒకే పక్కకి పెట్టారా, ఆ బరువుకు పడవ అటు ఒరుగుతుంది. ఎదురుగా ఇటుకలు పేర్చి సరిచేయాలి. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఆ అల్మారాను కూడా ఈ తూకంలో లెక్కేసుకోవాలి.

నీళ్ల ట్యాంకు సాధారణంగా పడవ ముందు కొసన ఉంటుంది. 500 లీటర్ల ట్యాంకంటే నిండినప్పుడు అక్కడ అరటన్ను బరువు. వారం వాడుకునేసరికి అది ఖాళీ అయి, పడవ ముక్కు పైకి లేస్తుంది. దీని ప్రభావం స్నానాల గదిలో తెలుస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజున నీళ్లు చక్కగా పోయిన మూల, ట్యాంకు ఖాళీ అయ్యాక ఎత్తైపోతుంది. నీళ్లు ఎదుటి మూలన నిలుస్తాయి. కాబట్టి నేలకి వాటం ఏ వైపు ఇవ్వాలో ట్యాంకు సగం ఉన్నప్పటి స్థితిని బట్టి ఆలోచించాలి. పైగా ఆ గది నేల బయటి కాలువ నీటిమట్టం కంటే కిందికి ఉంటుంది. వాడిన నీళ్లు వాటంతటవే బయటికి పోవు. చిన్న పంపు పెట్టి పైకి తోడి పోయాలి. స్నానం అయ్యాక మీట నొక్కితే గుటగుటమని నీళ్లు మింగే చప్పుడు పడవంతా వినిపిస్తుంది.

ఇంట్లో అయితే ‘తర్వాత చూసుకుందాం’ అని వదిలేసే పనులు కొన్ని ఉంటాయి. పడవలో ఆ మాట పనికిరాదు. ఇటుకల మీద నేల, నేల మీద గోడలు, గోడల వెనక ఇన్సులేషన్, దాని మీదుగా వైర్లు. ఒక వరస తప్పితే పైనున్నవన్నీ పీకాలి. గది కొలతలు సుద్దముక్కతో ఏ వరండాలోనో గీసి, ఆ గీతల మధ్య మంచం దిగి, పొయ్యి దాటి, తలుపు తీసి నడిచి చూస్తే కాగితం మీద కనబడని చిక్కులు బయటపడతాయి. ఇద్దరు ఎదురుపడితే తప్పుకునే చోటెక్కడ? మంచం అడ్డంగా వేస్తే ఆరడుగుల పొడవే దొరుకుతుంది, నిలువుగా వేస్తే పక్కన నడవ మిగలాలి కాబట్టి నాలుగడుగుల వెడల్పే దొరుకుతుంది. పొడగరులకు రెండోదే దిక్కు.

థర్మోకోల్ షీట్లతో గోడలు నింపితే చవకే గానీ, ఒక చిక్కుంది. మామూలు కరెంటు వైర్ల మీది పీవీసీ తొడుగు థర్మోకోల్‌కి తగులుతూ ఉంటే, ఆ తొడుగును మెత్తగా ఉంచే పదార్థం మెల్లగా అందులోకి పోతుంది. కొన్నేళ్లకి తొడుగు బిరుసెక్కి పగుళ్లిస్తుంది. చెక్క పలకల వెనక జరిగేది ఎవరికి కనబడుతుంది? అందుకే ఉక్కుకు నేరుగా అంటుకునే పాలియురిథేన్ నురగను స్ప్రే చేయించడం మేలని ఎక్కువమంది చెబుతారు. అందులో ఇంకో లాభం ఉంది. చలికాలంలో మన ఊపిరిలోని తడి, వంట ఆవిరి చల్లని ఉక్కును తాకగానే నీరైపోతాయి. నురగకీ ఉక్కుకీ మధ్య సందు లేకపోతే ఆ నీరు చేరే చోటుండదు.

ఇక కరెంటు. నా దృష్టిలో పడవ కాపురంలో అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకోవాల్సిన పాఠం ఇదే. పడవలో దీపాలు, నీళ్ల పంపు, తరచుగా ఫ్రిజ్ కూడా 12 వోల్టుల మీద నడుస్తాయి. బ్యాటరీలు వెనక ఇంజను దగ్గర, ఫ్రిజ్ 12 మీటర్ల అవతల వంటగదిలో ఉన్నాయనుకోండి. రానూపోనూ 24 మీటర్ల వైరు. మన ఇళ్లల్లో ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరే వేస్తే, 5 ఆంపియర్లు లాగే ఫ్రిజ్ దాకా వెళ్లేసరికి దాదాపు 0.9 వోల్టు దారిలోనే ఖర్చవుతుంది. 230 వోల్టుల్లో 0.9 పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో అది ఏడు శాతానికి పైమాటే. బ్యాటరీ కాస్త దిగగానే ఫ్రిజ్ మొరాయిస్తుంది. జనం ఫ్రిజ్‌ని తిడతారు, బ్యాటరీలు మారుస్తారు. తప్పు సన్నటి వైరుది. అదే చోట 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది పావు వోల్టు కూడా ఉండదు. ఆ వైరు నురగ వెనకో, పలకల వెనకో ఉండేది కనుక మొదటి రోజునే లావుది వేయాలి.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే వాటి ఆయుష్షు తరిగిపోతుంది. అంటే 400 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు కొన్నా నికరంగా వాడుకునేది 200. వేసవిలో కప్పు మీది సోలార్ పలకలు ఆదుకుంటాయి. డిసెంబరులో ఇంగ్లండు సూర్యుడి మీద ఆశ పెట్టుకోలేం, ఇంజను తిప్పాల్సిందే. అదీ ఇష్టమొచ్చినప్పుడు కాదు. పక్కన వేరే పడవలో, ఇళ్లో ఉంటే, ఆగి ఉన్న పడవలో రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజను తిప్పకూడదని లైసెన్సు షరతు.

ఇంజను వేడి వృథా పోదు. ఈ పడవల్లో చాలావాటికి కాలువ నీళ్లు ఇంజనులోకి రావు. పక్క ఉక్కు గోడకు లోపలివైపు ఒక పలుచటి ట్యాంకు వెల్డింగ్ చేసి ఉంటుంది. ఇంజను వేడినీళ్లు అందులో తిరుగుతూ, గోడ అవతలి కాలువ చల్లదనంతో చల్లారుతాయి. చెత్త, బురద, ఆకులు లోపలికి చేరే ప్రసక్తే లేదు. అదే వేడిని మరో గొట్టం ద్వారా వేడినీళ్ల ట్యాంకుకీ పంపుతారు. ఓ గంట ప్రయాణం చేస్తే సాయంత్రం స్నానానికి నీళ్లు సిద్ధం.

వంటగ్యాసు గాలి కంటే బరువైనది. ఇంట్లో లీకయితే తలుపు కింది సందు గుండా కొంతైనా బయటికి పోతుంది. పడవలో అయితే నేల కింద చేరి అక్కడే ఉండిపోతుంది, పోయే దారి లేదు. అందుకే సిలిండర్లను పడవ లోపలికి ఏ సందూ లేని పెట్టెలో ఉంచి, ఆ పెట్టె అడుగున నీటిమట్టానికి పైగా బయటికి కన్నం పెడతారు. ఆ సిలిండర్లలో ఎక్కువగా ప్రొపేన్ వాడతారు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్‌కి ఆ బెంగ లేదు. నాలుగేళ్లకోసారి బోట్ సేఫ్టీ స్కీమ్ తనిఖీలో ఇవన్నీ చూస్తారు. 2019 ఏప్రిల్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా తప్పనిసరి. బొగ్గు పొయ్యి పక్కన నిద్రపోయే ఇంట్లో ఆ అలారాన్ని మించిన సామాను లేదని గట్టిగా చెప్పాలి.

మరుగుదొడ్డి విషయంలో పడవవాళ్లు ఎప్పటికీ తెగని వాదన వాదిస్తారు. ఒక పద్ధతిలో 20 లీటర్ల డబ్బా నిండగానే దాన్ని చేత్తో మోసుకెళ్లి కాలువ ఒడ్డున అందుకోసం కట్టిన చోట పారబోసి కడుక్కోవాలి. ఇద్దరుంటే కొన్ని రోజులకే నిండుతుంది. మరో పద్ధతిలో మంచం కిందో ఎక్కడో పెద్ద ట్యాంకు ఉంటుంది. అది నిండితే పడవను బోటు యార్డుకు తీసుకెళ్లి, డబ్బు కట్టి తోడించుకోవాలి. కాలువ గడ్డకట్టిన వారంలో పడవ కదలదు. అప్పుడు డబ్బావాళ్లు నడిచి వెళ్తారు, ట్యాంకువాళ్లు దిక్కులు చూస్తారు. ఆ ఒక్క కారణం చాలు, నేను డబ్బా పక్షమే.

ఇంత హంగామా లేకుండా పూర్వం సరుకు పడవల కుటుంబాలు ఎలా బతికాయన్నది గుండె పట్టేసే సంగతి. రైళ్లు వచ్చి సరుకు రవాణా కూలి పడిపోయాక, ఒడ్డున అద్దె కట్టలేక భార్యాపిల్లలతో పడవల్లోకి చేరినవాళ్లు వాళ్లు. 70 అడుగుల పడవలో సరుకు పోగా వాళ్లకి మిగిలింది వెనక ఉన్న పదడుగుల గది. అందులోనే బొగ్గు పొయ్యి, పక్క బల్ల, పగలు మడిచి అల్మారాలో దాచే అడ్డమంచం. ఆ అల్మారా తలుపుల మీద, నీళ్ల బిందె మీద గులాబీలు, కోటలు రంగుల్లో వేయించుకునేవాళ్లు. పొయ్యి చుట్టూ ఇత్తడి గుబ్బలు తళతళలాడేవి. జార్జ్ స్మిత్ అనే ఆయన ఈ పడవల్లో పెరిగే పిల్లల గురించి ఎడతెగకుండా పోరాడిన మీదట 1877లో కెనాల్ బోట్స్ చట్టం వచ్చింది. ఏ గదిలో ఎంతమంది నిద్రపోవచ్చో గది కొలతలను బట్టి లెక్క కట్టి రిజిస్టరు చేయడం అప్పుడే మొదలైంది.

సరదాగా, ఇష్టపడి కాలువ పడవలో కాపురం పెట్టినవాళ్లలో ఎల్.టి.సి. రోల్ట్ పేరు ముందు చెప్పుకోవాలి. 1939లో ఆయన బ్యాన్‌బరీలోని టూలీ యార్డులో ‘క్రెస్సీ’ అనే పాత చెక్క సరుకు పడవను ఇల్లుగా మార్పించుకున్నాడు. అందులో స్నానపు తొట్టి కూడా పెట్టించాడు. ఆ ప్రయాణాల మీద రాసిన ‘నారో బోట్’ 1944లో వచ్చింది. అది చదివిన రాబర్ట్ ఏక్‌మన్ ఆయనకు ఉత్తరం రాశాడు. వాళ్లిద్దరి చొరవతో కాలువల పరిరక్షణ కోసం 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. అప్పటికి కాలువలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ మీద లిఫర్డ్ దగ్గర పైకి లేచే ఒక వంతెనను రైల్వేవాళ్లు కదలకుండా బిగించేశారు. ఆ కాలువ మీద పడవ నడిపే హక్కు చట్టంలో ఉంది కనుక, తాను వస్తున్నట్టు రోల్ట్ ముందుగా నోటీసిచ్చాడు. 1947 మేలో రైల్వే కూలీలు జాకీలు పెట్టి వంతెనను పైకెత్తారు. క్రెస్సీ దాని కిందుగా దాటింది. ఆ పోరాటాల ఫలితంగా 1968 ట్రాన్స్‌పోర్ట్ చట్టం సరుకు రవాణా లేని కాలువలను కూడా విహారానికి తెరిచి ఉంచాలని ఒప్పుకుంది. ఇవాళ సుమారు 2,000 మైళ్ల కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ 2012లో ఏర్పడింది. సొంత రేవు లేని పడవవాళ్లు ఒకేచోట 14 రోజులకు మించి ఆగకుండా తిరుగుతూ ఉండాలన్న 1995 చట్టం ప్రకారం ఆ ట్రస్టే లైసెన్సు ఇస్తుంది.