నీడపట్టు కొలువు



మనుష్యుడు చేపట్టవలసిన వృత్తి వాని యిష్టముచేతనే నిర్ణయింపబడవలెనని కొందఱును, తలిదండ్రుల యాజ్ఞచేతనే నిర్ణయింపబడవలెనని కొందఱును తలంచుచుందురు. ఈ రెండభిప్రాయములును అసంపూర్ణములే. గృహము కోరికను పుట్టించును. పాఠశాల దానికి త్రోవ చూపును. ఆ త్రోవను నడువవలసినవాడు విద్యార్థి. ఈ మూటికిని పొత్తు కుదిరినచోట బ్రతుకు వర్ధిల్లును. కుదరనిచోట చదువు బరువగును.

గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పైరులు. రెండును పెట్టుబడి హెచ్చుగా కోరునవి, రెండును నమ్మరానివి. 2021వ సంవత్సరమున నల్ల తామరపురుగు మిరపతోటలపై బడి పూతను పాడుచేసినప్పుడు, అప్పు తెచ్చి కౌలుభూమి సాగుచేసిన కుటుంబములు పడిన యిక్కట్లు మనమెఱిగినవే. అట్టి కుటుంబములోని తండ్రి పాఠశాలకు వచ్చి, “మాస్టారూ, మా పిల్ల నాలాగు ఎండలో మాడగూడదండీ; ఏదో నీడపట్టున కొలువు దొరికితే చాలు” నని పలికినచో, అది పేరాస కాదు. నెలకొకసారి తప్పక వచ్చు జీతము వానను నమ్ముకొన్న పంటకంటె మేలని అనుభవము వానికి నేర్పినది. కావున పెద్దల కోరికను కాదనుటకు ముందు, దాని వెనుకనున్న భయమును గ్రహింపవలెను.

అయితే, ఆ లేమియే చదువునకు అడ్డుపడుటయు కలదు. మిరపకోతలు జనవరి ప్రాంతమున మొదలై వేసవి వఱకు సాగును. పబ్లిక్ పరీక్షలును ఆ దినములలోనే వచ్చును. అప్పుడు హాజరుపట్టీలో మొదట కనబడకుండ పోవునవి ఆడపిల్లల పేర్లే. నిర్బంధ ఉచితవిద్యా చట్టము 2009లో వచ్చినను, అది ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకే వర్తించును. పదవ తరగతి చదువువారిలో పెక్కురు ఆ వయస్సు దాటినవారే. కొలువును కోరిన యింటివారే కోతకు పిలిచినచో, ఆ కొలువు దక్కుట యెట్లు?

ఈ సందర్భమున గుఱ్ఱము జాషువా కవిగారి జీవితము తలపునకు వచ్చును. ఆయన 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండయందు వీరయ్య, లింగమాంబ యను క్రైస్తవ దంపతులకు జనించెను. తలిదండ్రులు వేర్వేఱు కులములవారగుటచే ఆయనకు బాల్యమునుండియు అవమానములు తప్పలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు మేఘసందేశము, రఘువంశము మొదలగు కావ్యములను ఆయనకు బోధించిరి. ఉపాధ్యాయవృత్తి ఆయనకు జీవనాధారమయ్యెను. గుంటూరులో లూథరను మిషనువారి ఉపాధ్యాయ శిక్షణపాఠశాలయందు సుమారు పదేండ్లు పనిచేసిరి. హిందూపురాణములను చదువుట సంఘపు పెద్దలలో కొందఱికి రుచింపలేదు. అంటరానివాడనబడినవాడు కవి యగుట పండితులలో కొందఱికి సహ్యము కాలేదు. ఇరుప్రక్కలవారును గిరి గీచినను ఆయన నిలువలేదు. 1941లో ‘గబ్బిలము’ వెలువడెను. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును, 1970లో పద్మభూషణ బిరుదమును లభించినవి. జీతముకొఱకు ఆయన కవిత్వమును విడువలేదు. కవిత్వముకొఱకు ఇంటిని పస్తులుంచలేదు. తగిన సమయమున తలుపు తెఱచిన గురువొకరుండుటయు ఇందు మఱువరాని విషయము.

నా తప్పొకటి యిచట చెప్పుకొనవలెను. నా తరగతిలో ఒక బాలిక యుండెను. మిరపాకు పైకి ముడిచినచో తామరపురుగనియు, క్రిందికి ముడిచినచో నల్లియనియు తోటలో నిలిచి చెప్పగలిగెడిది. “చేనుగొడవ నీకేల? లెక్కలు చేయు” మని నేను మందలించితిని. ఆమె తండ్రియు ఆ మాటయే యనుచుండెను. వ్యవసాయమనగా ఎండయే గాని విద్య కాదని మేమిరువురమును ఎంచితిమి. గుంటూరు చెంత లాములో వ్యవసాయ పరిశోధనాక్షేత్రమును, బాపట్లలో 1945లో స్థాపింపబడిన వ్యవసాయ కళాశాలయును ఉండగా, ఆ మాట నేను వారికి చెప్పకుంటిని. తరువాత సిగ్గుపడి, తండ్రిని పిలిపించి, వ్యవసాయశాస్త్రము చదివినవారు చేయు పనులను వివరించితిని. ఆయన చాలసేపు ఊరకుండి, “అయితే అదీ నీడపట్టు పనేనన్నమాట!” యనెను. “సగము నీడ, సగము ఎండ” యని బాలిక నవ్వెను. ఆ యేడు కోతల కాలమున ఆమె హాజరు తప్పలేదు.

కావున తలిదండ్రులు ఫలానా ఉద్యోగమని పట్టుపట్టుటకు ముందు, బిడ్డ దేనియందు అలసట నెఱుగక పనిచేయుచున్నదో గమనింతురు గాక. ఉపాధ్యాయులు మార్కులనే గాక త్రోవలను గూడ తెలియజేయవలెను. విద్యార్థులారా, మీరును “నా యిష్ట” మని యూరకుండక, ఆ యిష్టమునకు ఏ చదువు కావలెనో, ఎన్నియేండ్లు పట్టునో, ఎంత వ్యయమగునో విచారించి యింట చెప్పుడు. మీ తండ్రి యడుగునది మీ కలను చెఱుపుటకు కాదు. ఆ కల అన్నము పెట్టునా యని తెలిసికొనుటకే. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలిగిననాడు మీ చదువు సార్థకమగును.