మ్యాప్‌లో మన కొట్టు: అపోహలు – వాస్తవాలు

మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డ వేళ కొట్టులో ఫోను మోగుతుంది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం సార్. మ్యాప్‌లో మీ షాపు మొదట రావాలంటే ఏడాదికి ఇంత కట్టాలి. ఇవాళ కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తారు." విన్నది టైలరు కావచ్చు, టిఫిన్ సెంటరు ఆయన కావచ్చు, మిక్సీలు బాగుచేసే అతను కావచ్చు. కొందరు భయపడి కట్టేస్తారు కూడా.

చిన్న వ్యాపారుల్లో బలంగా నాటుకున్న అపోహ ఇదే: డబ్బు కడితే పైన పెడతారని. గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు పేరు, ఫోటోలు, వేళలు చూపించే బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. 2014లో 'గూగుల్ మై బిజినెస్'గా వచ్చి, 2021లో పేరు మార్చుకున్నది ఇదే. స్థానిక ఫలితాల్లో మెరుగైన స్థానాన్ని డబ్బుకు ఇవ్వబోమని ఆ సంస్థ తన సహాయ పేజీల్లో రాసిపెట్టింది. డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలు వేరు. వాటి మీద 'స్పాన్సర్డ్' అన్న ముద్ర ఉంటుంది, డబ్బు ఆపిన రోజే అవీ ఆగిపోతాయి.

"మాది ఎప్పుడూ నంబర్ వన్నేనండీ, కావాలంటే చూడండి" అని ఫోను తీసి చూపించే యజమానులు ఇంకో రకం. ఆయన కొట్టులోనే కూర్చుని వెతుకుతున్నాడు మరి! గూగుల్ చెప్పే లెక్కలో ప్రధానమైనవి మూడు: అడిగినదానికీ కొట్టుకూ పొంతన, అడిగిన మనిషికీ కొట్టుకూ మధ్య దూరం, ఆ కొట్టుకు జనంలో ఉన్న పేరు. గల్లాపెట్టె దగ్గర నిలబడి వెతికితే దూరం సున్నా. అదే మాట అమీర్‌పేట మెట్రో మెట్ల మీద నిలబడి అడిగితే ఒక వరస వస్తుంది, పక్క స్టేషన్ ఎస్సార్ నగర్‌లో దిగి అడిగితే ఇంకో వరస రావచ్చు. ఊరంతటికీ కలిపి ఒకే నంబర్ వన్ అనేది అసలు లేదు. నిజం తెలియాలంటే కొట్టులో కూర్చుని కాదు, కూకట్‌పల్లిలో ఉన్న బావమరిదికి ఫోను చేసి వెతకమనాలి.

పేరు విషయంలో తెలివితేటలు మరీ ఎక్కువ. బోర్డు మీద 'శ్రీ వేంకటేశ్వర ఏసీ వర్క్స్' అని ఉంటుంది. మ్యాప్‌లో అదే 'శ్రీ వేంకటేశ్వర ఏసీ వర్క్స్ బెస్ట్ ఏసీ రిపేర్ ఇన్ విజయవాడ లో కాస్ట్' అయిపోతుంది. ఇది కొన్నాళ్లు పనిచేస్తుంది కూడా, అబద్ధమాడితే ఏం లాభం? అందుకే ఈ అపోహ చావడం లేదు. కానీ బోర్డు మీద ఉన్న అసలు పేరే పెట్టాలన్నది నియమం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తోక కత్తిరిస్తారు, ఒక్కోసారి ప్రొఫైల్‌నే నిలిపేస్తారు. న్యూయార్క్‌లో ఒక హోటలు వాళ్లు ఈ నియమాన్ని తలకిందులు చేశారు. 'థాయ్ ఫుడ్ నియర్ మీ' అని ఏకంగా బోర్డే రాయించుకున్నారు!

పేరుకు తోకలు తగిలించే శ్రద్ధలో సగమైనా వ్యాపార వర్గం (కేటగిరీ) మీద పెడితే మేలు. ఒక ప్రధాన వర్గం, దానికి తోడు తొమ్మిది దాకా అదనపు వర్గాలు ఎంచుకోవచ్చు. ఇడ్లీ, పెసరట్టు వేసే చోటును ఉత్త 'రెస్టారెంట్' అని వదిలేస్తే, 'సౌత్ ఇండియన్ రెస్టారెంట్' అని సరిగ్గా పెట్టుకున్న పక్కవాడు పొంతన లెక్కలో ముందుంటాడు.

ఇక రివ్యూలు. "ఐదు స్టార్లు ఇస్తే బిల్లులో పది శాతం తగ్గింపు" అన్న అట్టముక్క చాలా కౌంటర్ల మీద కనిపిస్తుంది. రివ్యూ రాయమని అడగడం తప్పు కాదు. తగ్గింపో బహుమతో ఆశ చూపడం, సంతోషంగా వెళ్లేవాళ్లను మాత్రమే ఏరి అడగడం నిషిద్ధం. మన దేశంలోనూ ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. చెడ్డ రివ్యూను డబ్బిస్తే తీయిస్తామనే వాళ్లను కూడా నమ్మక్కర్లేదు. నియమాలు దాటితేనే తీస్తారు తప్ప, యజమానికి కోపం వచ్చిందని తీయరు. "సాంబారు చల్లగా ఉంది" అన్న మాట కింద మర్యాదగా ఒక జవాబు రాస్తే, తర్వాత చదివేవాళ్లు సాంబారుతోపాటు ఆ జవాబునూ చూస్తారు.

"ఒకసారి పెట్టేశాం, పని అయిపోయింది" అన్నది అన్నిటికన్నా ఖరీదైన అపోహ. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం గ్రేట్ ఫాల్స్‌లో సెర్బియన్ క్రౌన్ అనే హోటలు దాదాపు నలభై ఏళ్లు నడిచింది. దారిలో పోతూ ఆగే హోటలు కాదది, పని పెట్టుకుని వెళ్లాల్సిన చోటు. 2012లో శని, ఆదివారాల బేరం ఉన్నట్టుండి ముప్పాతిక వంతు పడిపోయిందని యజమాని రెనే బెర్టానా చెప్పారు. ఆయనకు ఇంటర్నెట్ అలవాటు లేదు. శని, ఆది, సోమవారాలు ఎందుకు మూసేస్తున్నారని ఒక పాత ఖాతాదారు ఫోను చేసి అడిగితే గానీ గుట్టు బయటపడలేదు. మ్యాప్స్‌లో అలా సెలవులు పడి ఉన్నాయన్నది ఆయన వాదన. 2013లో హోటలు మూతపడింది, ఆయన గూగుల్ మీద దావా వేశారు. ఆ నష్టంలో మ్యాప్ వాటా ఎంతో కచ్చితంగా తేల్చడం కష్టం. కానీ మ్యాప్‌లోని వివరాలకు యజమానే కాదు, దారిన పోయే ఎవరైనా మార్పులు సూచించవచ్చు. అది మాత్రం నిజం. 2018లో మహారాష్ట్రలో మోసగాళ్లు ఈ సదుపాయాన్నే వాడుకుని ఒక బ్యాంకు శాఖ ఫోను నంబరు తీసేసి సొంత నంబర్లు పెట్టారు. కాబట్టి సంక్రాంతికి మూడు రోజులు మూసే కొట్టు ఆ సెలవులను ముందే నమోదు చేయాలి. వారానికోసారి సొంత నంబరు సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

కొట్టు లేని వాళ్లు మ్యాప్‌లో చేరలేరనుకోవడం కూడా పొరపాటే. ఇళ్లకు వెళ్లి పనిచేసే ఎలక్ట్రీషియను తన ఇంటి చిరునామా దాచిపెట్టి, తిరిగే ప్రాంతాలు 20 దాకా రాసుకోవచ్చు. రాసుకున్నంత మాత్రాన 20 చోట్లా పైకి రాడు, అది వేరే సంగతి. 'ఆంజనేయస్వామి గుడి వెనక సందు' తప్ప వేరే చిరునామా లేని కొట్లకు 2015 నుంచి ప్లస్ కోడ్ ఉంది. అది అక్షరాలు, అంకెలతో ఆ చోటును పట్టించే గుర్తు.

సొంత వెబ్‌సైట్ ఉండి తీరాలనే నియమం లేదు. గూగుల్ ఉచితంగా కట్టించి ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి. ఆ చిరునామా విజిటింగ్ కార్డుల మీద అచ్చేయించుకున్నవాళ్లు మళ్లీ కార్డులు వేయించుకోవాల్సి వచ్చింది.

చాలామంది ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది: ప్రొఫైల్ ఎవరి జీమెయిల్ మీద ఉంది? నాలుగేళ్ల కిందట పెట్టిచ్చిన కంప్యూటర్ కుర్రాడి మెయిల్ మీద ఉంటే, కొట్టు యజమాని తన కొట్టుకే తాను పరాయివాడు. యాజమాన్యం కోరుతూ ప్రొఫైల్ నుంచే అభ్యర్థన పెట్టుకోవచ్చు, జవాబివ్వడానికి అవతలివాళ్లకు మూడు రోజుల గడువు. అయితే అదే దారిలో ఇంకెవరైనా కూడా రావచ్చు. అప్పుడు ఆ అభ్యర్థన మెయిల్ వచ్చి పడేది యజమాని జీమెయిల్‌లోనే. దాని పాస్‌వర్డు ఆయనకు గుర్తుండాలి.