కొవ్వు, గుండె: త్రాసు చెప్పని సంగతి

మన తెలుగు పలుకుబడిలో కొవ్వుకు రెండు ముఖాలున్నవి. చిక్కిన మనిషి కాస్త నిండుగా కనిపించగానే 'ఒళ్ళు చేశాడు' అని సంతోషిస్తాము. బొజ్జను కలిమికి గుర్తుగా భావిస్తాము. అదే నోటితో, మాట వినని కుర్రవానిని 'కొవ్వెక్కింది' అని తిడతాము. అనగా కొవ్వు ఒకచోట భాగ్యం, మరొకచోట పొగరు. వైద్యశాస్త్రం ఈ రెండు భావాలనూ అంగీకరించదు. కొవ్వు శరీరానికి అవసరమైన ధాతువు; అది ఎంత ఉన్నదన్న ప్రశ్నతోపాటు ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమని ఆ శాస్త్రం చెబుతున్నది. మేము వైద్యులము కాము, భాషను బోధించువారము. అయినను, ప్రతి ఇంటికీ సంబంధించిన ఈ విషయాన్ని విద్యార్థులకు తేటతెలుగులో వివరించుట మా ధర్మమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మొదట కొవ్వు ప్రయోజనమేమో చూద్దాము. ఒక గ్రాము పిండిపదార్థం నుండి శరీరానికి సుమారు 4 కేలరీల శక్తి లభిస్తే, ఒక గ్రాము కొవ్వు నుండి 9 కేలరీలు లభిస్తాయి. కావుననే ప్రకృతి మిగులు ఆహారాన్ని కొవ్వు రూపంలో దాచి పెడుతుంది. ఇది పాతకాలపు రైతు ఇంటిలోని గాదె వంటిది. అయితే ఈ గాదె మూగది కాదు. 1994లో అమెరికా శాస్త్రజ్ఞుడు జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు కనుగొన్న లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాలలోనే పుట్టి, నిలువ ఎంత ఉన్నదో మెదడుకు తెలుపుతుంది. గ్రీకు భాషలో 'సన్నని' అను అర్థమిచ్చే పదం నుండి దానికి ఆ పేరు వచ్చినది.

చర్మం క్రింద ఉండే కొవ్వు ఈ గాదెలో భద్రపరచిన ధాన్యం. గాదె నిండిన తరువాత కూడా ధాన్యం వచ్చి పడుతుంటే దానిని వంటింటిలోనూ పడకగదిలోనూ పోయవలసి వస్తుంది. శరీరంలోనూ అంతే. చర్మం క్రింద చోటు చాలనప్పుడు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాలలో, చివరకు గుండె చుట్టూ కూడా చేరుతుంది. దీనికి విచిత్రమైన నిదర్శనం ఒకటి కలదు. కొందరికి పుట్టుకతోనే చర్మం క్రింద కొవ్వు దాదాపు ఉండదు. చూచుటకు మిక్కిలి సన్నగా ఉండే వీరిలో కాలేయానికి కొవ్వు పట్టుట, మధుమేహం వంటి స్థూలకాయుల వ్యాధులే కనిపిస్తాయి. గాదె లేని ఇంటికీ, గాదె నిండి పొర్లిన ఇంటికీ కష్టం ఒక్కటే అన్నమాట.

ఈ భేదాన్ని తొలుత గుర్తించిన వారిలో ఫ్రాన్సు దేశపు మార్సెయ్ నగర వైద్యుడు జాఁ వాగ్ ముఖ్యుడు. నడుముపైన, పొట్టలో కొవ్వు చేరిన వారికి మధుమేహం, రక్తనాళ వ్యాధులు ఎక్కువగా వస్తున్నవనీ, తుంటి, తొడల భాగాన కొవ్వు చేరిన వారికి అంతగా రావడం లేదనీ ఆయన 1947లోనే వ్రాశాడు.

పొట్టలోని కొవ్వు గుండెకు చేటు చేయు విధానం ఇట్లున్నది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుండి వెలువడే కొవ్వు ఆమ్లాలలో కొంత భాగం నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయం ట్రైగ్లిజరైడ్లను అధికంగా రక్తంలోకి పంపుతుంది. మేలుచేసే కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఇన్సులిన్ పని మందగిస్తుంది. అక్కడి కొవ్వు కణాలు వాపును కలిగించే పదార్థాలను కూడా విడుదల చేస్తాయి. రక్తపోటు పెరుగుతుంది. ఇవన్నీ కలిసి గుండెకు రక్తాన్నిచ్చే ధమనుల లోపలి గోడలను దెబ్బతీస్తాయి. అక్కడ పేరుకొన్న పూడిక ఒకనాడు పగిలి, రక్తం గడ్డకట్టి, దారి మూసుకొనిపోతే అదే గుండెపోటు. ఇది గాక, పెరిగిన శరీరమంతటికీ రక్తం పంపవలసిన గుండె కండరం క్రమంగా మందమై అలసిపోతుంది.

పొట్ట కొవ్వును శస్త్రచికిత్సతో తీసివేస్తే సరిపోదా అని అడుగవచ్చును. అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకు పొట్టపై చర్మం క్రింది కొవ్వును కిలోల కొలది తీసివేసి పరీక్షించారు. 2004లో ప్రకటితమైన ఆ ఫలితం ప్రకారం రక్తపోటు, ఇన్సులిన్ పనితీరు, రక్తంలోని కొవ్వులు ఏవీ మెరుగుపడలేదు. బరువు తగ్గినది గాని, లోపలి కొవ్వు అట్లే ఉండిపోయినది.

ఇక మనకు మరింత దగ్గరి విషయం. బరువును కిలోలలో తీసుకొని, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బాడీ మాస్ ఇండెక్స్. 1.6 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవారికి అది 25. ఇది ఉపయోగకరమైన లెక్కయే గాని, కొవ్వునూ కండనూ వేరు చేయలేదు. 2004లో 'లాన్సెట్' పత్రికలో పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఛాయాచిత్రాన్నే ప్రచురించారు. ఇద్దరి ఇండెక్స్ 22.3. కాని యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయుని దేహంలో కొవ్వు దాగి ఉండగలదని ఆ ఒక్క చిత్రం లోకానికి చాటినది. అందుచేతనే మన దేశ వైద్యులు 23 దాటితే అధిక బరువనీ, 25 దాటితే స్థూలకాయమనీ పరిగణిస్తున్నారు.

కేరళలో జన్మించి కెనడాలో స్థిరపడిన సలీం యూసుఫ్ నాయకత్వాన 52 దేశాలలో జరిగిన పరిశోధన ఇంకొక సత్యాన్ని వెల్లడించినది. గుండెపోటు ప్రమాదాన్ని బాడీ మాస్ ఇండెక్స్ కంటె నడుము, తుంటి కొలతల నిష్పత్తి చాలా స్పష్టంగా సూచిస్తున్నదని 2005లో తేలినది. అదే పరిశోధన ప్రకారం దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయస్సు 53. ఇతరులకు దాదాపు 59. విద్యార్థులారా, మీ తండ్రులలో పలువురు ఈ వయస్సుకు చేరువలో ఉన్నారు. ఆ ఆరేండ్లు ఒక కుటుంబంలో కుమార్తె చదువు, కుమారుని ఉద్యోగం, ఇంటి అప్పు తీరుట, అన్నీ ఇమిడి ఉన్న కాలం.

కావున త్రాసుతోపాటు దర్జీ టేపును కూడా వాడుట అలవరచుకొందాము. చివరి ప్రక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలి కొలవవలెను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే వైద్యుని సంప్రదించుట మంచిది. ఉన్న బరువులో నూటికి 5 నుండి 10 పాళ్ళు తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. వారానికి 150 నిమిషాల వేగపు నడక వంటి శ్రమ పొట్టలోని కొవ్వును కరిగిస్తుంది. త్రాసులో ముల్లు కదలకపోయినా మేలు జరుగుతూనే ఉంటుంది. గుండెజబ్బు గల స్థూలకాయులలో సెమాగ్లుటైడ్ అను మందు గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలను 20 శాతం తగ్గించినట్లు 2023లో వెల్లడైనది గాని, అది వైద్యుని చేతిలో ఉండవలసిన సాధనం.

కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఒక్కటే: వ్యాయామ శాఖ గదిలో ఒక టేపు, ఒక త్రాసు ఉంచి, ఏడాదికొకసారి విద్యార్థులకూ అధ్యాపకులకూ కొలతలు తీయించవలెను. ఆ కొలతలు ఎవరివి వారికే తెలియవలెను. లావుగా ఉన్నవారిని ఎగతాళి చేయుట ఏ జబ్బుకూ మందు కాదు. సన్నగా ఉన్నామని ధీమా పడుట ఏ జబ్బుకూ అడ్డు కాదు. కొవ్వెక్కిందన్న తిట్టును మాని, కొవ్వు ఎక్కడ చేరిందన్న విచారణను నేర్చిననాడు మన ఇండ్లలో ఎన్నో గుండెలు మరికొన్ని ఏండ్లు నిశ్చింతగా కొట్టుకొనగలవు.