కండా కావాలి... కాళ్ళకి వేగమూ కావాలి!

తెరమీద హీరో చొక్కా విప్పితే హాల్లో ఈలలు! అదే హీరో విలన్ జీపు వెంట పరుగు లంకించుకుంటే మళ్ళీ ఈలలు! ఈ రెండు రకాల ఈలలూ ఒకే మనిషికి పడాలంటే ఎంత అవస్థో ఎప్పుడైనా ఆలోచించారా? కండ పెంచాలంటే ఒంటికి బరువు చేరాలి. వేగంగా పరుగెత్తాలంటే ఆ బరువే అడ్డం. మరి రెండూ ఒకే ఒంట్లో కాపురం చేసేదెట్లా?

ఈ చిక్కు బాగా ఎరిగిన నటుడు ఫర్హాన్ అఖ్తర్. రాకేశ్ ఓంప్రకాశ్ మెహ్రా దర్శకత్వంలో 2013 జులైలో విడుదలైన ‘భాగ్ మిల్ఖా భాగ్’ మన పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. పరుగుల వీరుడు మిల్ఖా సింగ్ తన జీవితకథని ఒకే ఒక్క రూపాయికి ఇచ్చేశాడన్న సంగతీ తెలిసే ఉంటుంది. ఆ పాత్ర కోసం ఫర్హాన్ ఏడాదికి పైగా చెమటోడ్చాడు. ట్రాక్ మీద పరుగు, జిమ్‌లో బరువులు, కొలిచి పెట్టిన తిండి. బొమ్మ విడుదలయ్యేనాటికి ఆయన వయసు 39. పరుగుపందాల వాళ్ళు బూట్లు అటకెక్కించే వయసన్నమాట!

కానీ ఒక్క మాట. మిల్ఖా పాత ఫోటోలు తీసి చూడండి. సన్నగా, పీచులాంటి మనిషి. తెరమీద ఫర్హాన్ పొట్టమీద కనిపించే ఆ పలకలు మిల్ఖాకి అక్కర్లేదు, కెమెరాకి కావాలి. అసలు మిల్ఖా పరుగుల చరిత్ర మొదలైంది మన సికిందరాబాద్‌లోనే! సైన్యంలో చేరి ఇ.ఎం.ఇ. సెంటర్‌లో ఉన్న రోజుల్లోనే ఆయన పరుగులోకి దిగాడు. గ్లాసుడు పాల కోసం, గుడ్ల కోసం కుర్రాడు పరుగెత్తడం చిత్రంలోనూ చూశాం. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు 45.6 సెకన్లలో పరుగెత్తాడు. మూడోవాడిది 45.5. సెకనులో పదోవంతు తేడాతో పతకం పోయింది. అంత సన్నటి తేడాల దగ్గర ఒంటిమీద అనవసరపు కిలో ఏపాటి ఖరీదో మీరే ఊహించుకోండి.

ఏ కండ చుట్టం? ఏ కండ బరువు?

అలాగని కండ పరుగుకి శత్రువు కాదు. పూర్తి వేగంలో ఉన్నవాడి పాదం నేలమీద ఆనేది సెకనులో పదోవంతు, అంతే. ఆ రెప్పపాటులోనే నేలని బలంగా తన్నాలి. ఆ తన్ను వచ్చేది పిరుదుల్లోంచి, తొడల్లోంచి, పిక్కల్లోంచి. అక్కడ పెరిగిన కండ చుట్టమే. భుజాలమీద, దండచేతుల్లో పెంచినదుందే, అది మటుకు టిక్కెట్టు లేని ప్రయాణికుడు! మోయాలి తప్ప పైసా రాదు. ఉసేన్ బోల్ట్ బరువు 94 కిలోలట కదా అంటారా? ఆయన ఎత్తు 1.95 మీటర్లు. అంత పొడుగుకి ఆ బరువు ఎక్కువేం కాదు.

కుర్రాళ్ళకి సంతోషం కలిగించే సంగతి ఇంకోటుంది. కండకి ఎసరుపెట్టేది చిన్న చిన్న వేగపు పరుగులు కావు, రోజూ చేసే సుదీర్ఘమైన పరుగులు. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పది వారాలు పరీక్ష చేసి చూశాడు. బరువులొక్కటే ఎత్తినవాళ్ళ బలం చివరిదాకా పెరుగుతూనే వచ్చింది. బరువులతో పాటు ఆయాసం వచ్చే దీర్ఘ వ్యాయామం కూడా గట్టిగా చేసినవాళ్ళ బలం మాత్రం ఏడెనిమిది వారాలకి ఆగిపోయి, ఆ తరవాత వెనక్కి జారింది. 30 మీటర్ల పరుగు సంగతి వేరు. దాంట్లో పనిచేసేది వేగంగా బిగుసుకునే కండపోగులే. బరువులెత్తితే బాగా లావెక్కేవీ అవే!

ముందు పరుగు, తరవాతే బరువు

మరి రెండింటినీ కలిపేదెట్లా? అనుభవమున్న కోచ్‌లు పాటించే పద్ధతి తేలికే. పాటించే ఓపికే మనవాళ్ళకి ఉండదు. పరుగు ముందు, బరువులు తరవాత. స్క్వాట్లు చేసి వణికే కాళ్ళతో ట్రాక్ ఎక్కితే నిదానంగా పరుగెత్తడమే ఒంటికి అలవాటవుతుంది. ముందుగా పావుగంట ఒళ్ళు వేడెక్కించాలి. ఆ తరవాత 30 మీటర్లు నాలుగైదుసార్లు, ప్రాణం పెట్టి. ఒక్కో పరుగుకీ మధ్య మూడు నిమిషాలు తగ్గకుండా ఆగాలి. కండలో ఆ దూకుడుకి పనికొచ్చే ఇంధనం కొన్ని సెకన్లకే ఖర్చవుతుంది. అది మళ్ళీ నిండాలిగా! ఆయాసపడుతూ వెంటవెంటనే పరుగెత్తితే చెమటైతే పడుతుందిగానీ వేగం రాదు. అదేరోజు, కాసేపాగి కాళ్ళకి బరువులు. మర్నాడు కాళ్ళకి సెలవు... కావాలంటే ఛాతీ, వీపు చూసుకోవచ్చు. ఇలా వారానికి రెండుసార్లు, మహా అయితే మూడు.

ఈ జాగ్రత్తంతా తొడ వెనకాల కండరం కోసం. కోచ్‌లు హామ్‌స్ట్రింగ్ అంటారే, అదే. పూర్తి వేగంలో కాలు ముందుకి చాచినప్పుడు ‘టప్’మందంటే వారాల తరబడి కుంటుడే! షూటింగుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువని నా అభిప్రాయం. లైటింగ్ సర్దేదాకా హీరో కుర్చీలో కూర్చుంటాడు, ఒళ్ళు చల్లబడుతుంది. ‘యాక్షన్’ అనగానే పులిలా దూకాలి. అదీ ఒకసారి కాదు, టేకు మీద టేకు!

మన తెలుగు తెరమీద దీనికి తిరకాసు ఉదాహరణ కూడా ఉంది. నటుణ్ణి తీసుకొచ్చి పరుగు నేర్పే బదులు, పరుగెత్తే అమ్మాయినే తీసుకొచ్చి నటింపజేశారు. 1991లో ఉషాకిరణ్ మూవీస్ వారి ‘అశ్విని’ గుర్తుందా? మౌళి దర్శకత్వం. పి.టి. ఉషనే ఓడించిన అశ్విని నాచప్ప తన కథలో తానే కథానాయిక! పరుగు సీన్లలో డూప్ గొడవ లేదు, స్లోమోషన్ చాటున దాచుకోవలసిందీ లేదు. అడుగు నేలకి తగిలే తీరు చాలు, అసలు సరుకో కాదో తెలిసిపోతుంది.

ఛాతీ టేపు, స్టాప్‌వాచీ

ఇదంతా సినిమా గోల, మనకెందుకంటారా? తెల్లవారుజామున ఏ ఊరి స్టేడియానికైనా వెళ్ళి చూడండి. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం చీకట్లో పరుగెత్తే కుర్రాళ్ళు కనిపిస్తారు. 2022లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్ ప్రకారం జనరల్ అభ్యర్థికి ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలి, గాలి పీలిస్తే మరో 5 పెరగాలి. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఆపైన 100 మీటర్లు 15 సెకన్లలోనైనా పరుగెత్తాలి, లేదా 3.80 మీటర్లు దూకాలి. కండా, వేగమూ, దమ్మూ అన్నీ అడిగారు చూశారా! హీరో పోస్టరు చూసి ఆరునెలలు దండచేతులే పెంచిన కుర్రాడు ఇక్కడే బోల్తాపడతాడు. రోజూ పొద్దున 1600 మీటర్లు, సాయంత్రం కాళ్ళకి బరువులు... ఇలా చేసేవాడి గతీ అంతే. నిదానం పరుగుకి వారంలో రెండు రోజులు విడిగా పెట్టుకుంటే సరిపోతుంది.

తిండి దగ్గర డబ్బాల పొడులకి అప్పులు చెయ్యనక్కర్లేదు. కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలు. 60 కిలోల వాడికి 96 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాముల చొప్పున లెక్కేసుకోండి. చికెన్, చేపలు, శనగలు, పప్పు, పెరుగు ఉండనే ఉన్నాయి. అన్నం మానెయ్యకండి బాబూ, పరుగుకి నిప్పు రాజేసేది అదే! చొక్కా విప్పే సీనుకి ముందు హీరోలు తిండీ, నీళ్ళూ తగ్గించడం ఒక్క షాట్ కోసం. ఆ పూట పరుగుపందెం పెడితే వాళ్ళూ కూలబడతారు.

ఇక జిమ్ మూలన ఎవడో చూపించే సూదిమందు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ కండలు చూసి లోకం నోరెళ్ళబెట్టింది. వంద మీటర్లు 9.79 సెకన్లు! మూడు రోజులు తిరక్కుండా స్టానోజోలాల్ అనే స్టెరాయిడ్ బయటపడి పతకం లాగేసుకున్నారు. జాన్సన్‌కి పక్కన డాక్టరన్నా ఉన్నాడు. మన సందులోని కుర్రాడికి ఎవరున్నారు?

పరీక్ష దగ్గరపడ్డాక చాలామంది కంగారులో రెట్టింపు సాధన మొదలుపెడతారు. చెయ్యాల్సింది తలకిందులు. ఆఖరి పది రోజులు బరువులు సగానికి దించి, 30 మీటర్ల పరుగులు రెండు మూడింటితో సరిపెట్టి, రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోవాలి. ఈ పది రోజుల్లో కండ ఎక్కడికీ కరిగిపోదు. సెకండ్ షో సినిమాలు మాత్రం పరీక్ష అయ్యాకే!