మాటిమాటికి మరల మొదలగు ల్యాప్‌టాప్

వికారాబాదున నిరాటంకముగా నడచిన నా ల్యాప్‌టాప్, తాండూరున కుమారుని యింట దినమునకు పలుమార్లు తనంత తానే ఆగి మరల మొదలగుచుండెను. నేను వ్రాయుచున్న వ్యాకరణ పాఠములలో రెండు పుటలు నశించినవి.

కార్యమునుబట్టి కారణము నూహింపవలయును. పని హెచ్చినపుడే ఆగినచో వేడిమిని, తీగ కదలినపుడే ఆగినచో ఛార్జరును, చల్లగా నున్నను ఆగినచో మెమరీనో డ్రైవరునో శంకింపవలయును. విండోసులో ఆటోమేటిక్ రీస్టార్టును మాన్పినచో దోషసంకేతము తెరపై నిలుచును.

నా యంత్రమునకు అడుగుభాగము కాలుచుండెను. నాపరాళ్ల పాలిషు ధూళి లోని ఫ్యానును మూసివైచినది. పైగా నేను దానిని పరుపుపై నుంచితిని! ప్రాసెసరు మితిమీరి వేడెక్కినచో యంత్రము ఆత్మరక్షణకై ఆగును. మెకానిక్కు ధూళి దులిపి, క్రొత్త థర్మల్ పేస్టు పూసెను, వ్యాధి కుదిరెను.

అయినను, చికిత్సకు ముందే మీ వ్రాతల ప్రతిని వేఱొకచోట దాచుడు. యంత్రము బాగుపడును, పోయిన పుటలు తిరిగి రావు.